సింగపూర్‌లో వంటింటికి ఆదివారం సెలవు!

ఇల్లా, సత్రమా అని తిరుపతిలో కాపురముండే ఆడవాళ్ళను ఎవర్నన్నా అడిగి చూడండి. "వదినా, శుక్రవారానికి దర్శనం టికెట్లు దొరికినాయి. నలుగురమే వస్తాండాం" అని ఫోను వస్తే, నలుగురంటే ఏడుగురని లెక్కేసుకొని బియ్యం నానబోసుకోవడం మనకు అలవాటే. తెల్లవారుజామున మూడు గంటలకు కొండకు పోయేవాళ్ళకు కాఫీ, నడకదారిన పోయేవాళ్ళకు పులిహోర పొట్లం, దిగి వచ్చినవాళ్ళకు వేడివేడిగా చారన్నం. గుండు కొట్టించుకున్న పిల్లలకు గంధం అరగదీసి పెట్టేది కూడా మనమే. దేవుడి పేరున వచ్చినవాళ్ళకు పెడితే పుణ్యమే, కాదనను. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఈ పుణ్యం మూటగట్టుకుంటున్న నేను, ఇంకొకరింటికి చుట్టంగా పోయి కాళ్ళు చాపుకొని కూర్చున్నది ఎన్నిసార్లని లెక్కబెడితే ఒక చేతి వేళ్ళే మిగిలిపోతాయి.

అట్లాంటిది మావారు రిటైరైన ఏడాది, బ్రహ్మోత్సవాల చుట్టాలందరినీ సాగనంపాక, మేమిద్దరమే సింగపూర్ పోయి ఐదు రోజులుండి వచ్చాం. మావారి మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. "మామా, అత్తను తీసుకొని నేరుగా మా ఇంటికే రండి. లాడ్జీ గీడ్జీ అంటే ఊరుకోను" అన్నాడు. నేనే వద్దన్నాను. చుట్టాలు దిగితే ఆ ఇంటి ఇల్లాలి పని ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? పైగా వాళ్ళావిడకూ ఆఫీసు ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మాత్రం వస్తామని ఒప్పించి, సెరంగూన్ రోడ్డు దగ్గర చిన్న గది తీసుకున్నాం.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో మద్రాసు. అక్కడ విమానమెక్కితే నాలుగు గంటలు. మన గడియారానికంటే వాళ్ళది రెండున్నర గంటలు ముందు. వీసా ముందే తీసుకోవాలి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి 'అరైవల్ కార్డు' అని ఒకటి సెల్‌ఫోన్లో నింపుకోవచ్చు. దానికి డబ్బేమీ లేదు, ఎవరన్నా అడిగితే ఇవ్వకండి. ఖర్చు లెక్కకు వాళ్ళ డాలరును డెబ్బైతో హెచ్చవేసుకుంటే సుమారుగా సరిపోతుంది. మావారు మొదటిరోజంతా కనబడినదాన్నల్లా హెచ్చవేసి గుండె పట్టుకుంటూనే ఉన్నారు. మంచినీళ్ళ సీసాలు కొని కొని, అక్కడ కుళాయి నీళ్ళే నిక్షేపంగా తాగొచ్చని రెండోరోజుకు గానీ తెలుసుకోలేదు.

మొదటి పొద్దున నాకు నాలుగింటికే మెలకువ వచ్చింది. మన నాలుగన్నమాట, అక్కడ ఆరున్నర. అలవాటుగా లేచి జుట్టు ముడేసుకొని నిలబడ్డాను. నిలబడితే ఏముంది? స్టవ్వు లేదు, పాలు కాచేది లేదు, వాకిట్లో ముగ్గు లేదు. మళ్ళీ మంచం మీద కూర్చున్నాను. చెయ్యడానికి పని లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదని ఆ పొద్దున తెలిసింది.

తెల్లవారాక కిటికీలోంచి చూస్తే ఎదురుగా పాత అపార్ట్‌మెంట్లు. గవర్నమెంటు హౌసింగ్ బోర్డు కట్టినవి. ఆ దేశంలో నూటికి ఎనభైమంది దాకా అట్లాంటి ఇళ్ళలోనే ఉంటారు. బట్టలారేసే తీరు చూసి నవ్వొచ్చింది. మన దండేలు గోడ వెంబడే ఉంటాయి కదా! వాళ్ళు పొడుగాటి వెదురుకర్రకు చొక్కాలు, ప్యాంట్లు గుచ్చి, కిటికీ కింద గొట్టంలో ఆ కర్రను దూర్చేస్తారు. పది అంతస్తుల పొడుగునా జెండాలు ఎగరేసినట్టు ఉంటుంది. వానొస్తే మాత్రం అంత బరువు కర్రనూ లోపలికి లాక్కోవాలి. అక్కడ వాన చెప్పి రాదు. మేమున్న ఐదు రోజుల్లో మూడు రోజులు కురిసింది. ఆ కర్రల్ని లాగుతున్న చేతులు, నేను చూసినంతలో, అన్నీ ఆడవాళ్ళవే.

కాఫీకని టెక్కా సెంటర్‌కు నడిచాం. కింద ఒకవైపు కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే మార్కెట్టు. ఇంకోవైపు తిండి అంగళ్ళు. దీన్నే 'హాకర్ సెంటర్' అంటారు. మన బస్టాండు దగ్గరి తోపుడుబండ్లన్నిటినీ తెచ్చి ఒకే కప్పు కింద పెట్టినట్టు అనుకోండి. నిజంగా జరిగిందీ అదే. ఒకప్పుడు వీధుల్లో అమ్ముకునేవాళ్ళందరికీ 1970లలో అక్కడి ప్రభుత్వం నీళ్ళు, కరెంటు, మురుగుకాలువ ఉన్న షెడ్లు కట్టించి అందులోకి మార్చింది. ఇప్పుడు ఊరంతా కలిపి అట్లాంటివి వందకు పైనే. 2020లో యునెస్కోవాళ్ళు దీన్ని కాపాడుకోవాల్సిన సంస్కృతి అని జాబితాలో చేర్చారు కూడా. తిన్నాక ట్రే మనమే ఎత్తిపెట్టాలి. 2021 నుంచి అది రూలు, మీరితే జరిమానా దాకా పోతుంది. మావారు ట్రే మోసుకుపోవడం చూడ్డం నాకు అదే మొదలు!

కాఫీని వాళ్ళు 'కోపి' అంటారు. ఊరికే కోపి అంటే గడ్డపాలు పోసి ఇస్తారు, తియ్యగా ఉంటుంది. 'కోపి ఓ' అంటే పాలు లేనిది. మన ఫిల్టర్ కాఫీ నాలుక కోరుకునేవాళ్ళు సెరంగూన్ రోడ్డులోనే 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌కు పోవచ్చు. ఆ వీధిలో దోసెకు, సాంబారుకు కొదవ లేదు. చైనావాళ్ళ అంగళ్ళలో మాత్రం శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. ఆకుకూర వేపుడే కదా అని తీసుకుంటే అందులో ఎండురొయ్యల ముద్దో, ఆయిస్టర్ సాసో ఉంటుంది. బౌద్ధుల శాకాహార అంగళ్ళు విడిగా ఉంటాయి. అక్కడ కోడిముక్కలా కనబడేది గోధుమ పిండిలోని జిగురుతోనో, సోయాతోనో చేసింది. పేరు విని భయపడకండి. పాండన్ అనే ఆకు వేసి కొబ్బరిపాలతో వండిన అన్నం నాకు బాగా నచ్చింది. మూత తీస్తే బాస్మతి వాసన!

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది తిండి సంగతి కాదు. ఆ పొద్దున మా పక్క బల్ల దగ్గర యూనిఫాం వేసుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్న, ఒక తాత కూర్చొని టిఫిన్ తిన్నారు. తిని, ట్రేలు పెట్టి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎవరి ముఖంలోనూ ఇదేదో విశేషమన్న భావం లేదు. మన వీధిలో పొద్దున్నే హోటల్నుంచి ఇడ్లీ కట్టించుకొని వస్తే "ఏం, ఇంట్లో ఆమెకు ఒళ్ళు బాగలేదా?" అని ఇద్దరన్నా అడుగుతారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ అంగట్లో కొబ్బరిపాలు పిండుతున్నది కూడా ఒక ఆడమనిషే. మా వయసు ఉంటుంది. ఏడింటికి ఇడ్లీ దోసె అమ్మాలంటే ఆమె ఎన్నింటికి లేచి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? ఒక వంటింటికి సెలవిస్తే ఇంకో వంటింటికి డ్యూటీ పడుతుంది.

శనివారం, అందులోనూ పెరటాసి నెల. ఊరేదైనా మనకు స్వామి దర్శనం కావాల్సిందే. సెరంగూన్ రోడ్డు మీదే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 1855లో మొదలైన కోవెల. 1978లో జాతీయ కట్టడంగా ప్రకటించారు. గోపురం చూస్తే మన గోవిందరాజస్వామి వీధిలో ఉన్నట్టే అనిపిస్తుంది. తైపూసం రోజున కావళ్ళు ఇక్కడినుంచే బయలుదేరి ట్యాంక్ రోడ్డులోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోతాయట. వచ్చే దారిలో తిరుత్తణి దాటినప్పుడు నాకు కావళ్ళే గుర్తుకొచ్చాయి. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాదే కదా, ఆడికృత్తికకు మా పుట్టింటివాళ్ళు కావడి ఎత్తుకొని అక్కడికే పోయేవాళ్ళు. వరుసలో మా వెనక నిలబడిన ఒక పెద్దావిడ, మాది తిరుపతి అని తెలిసి, నా చెయ్యి తీసుకొని కళ్ళకద్దుకుంది. మనం రోజూ చూసే కొండ వాళ్ళకు ఎంత దూరమో! అన్నదానంలో అరిటాకు ముందు కూర్చున్నాను. వడ్డించేవాళ్ళు వేరే. రెండోసారి సాంబారు పోయడానికి వంగిన అబ్బాయితో, నాకు తెలియకుండానే, "నువ్వు తిన్నావా నాయనా?" అన్నాను. మావారు నవ్వి, "ఇక్కడ కూడా నీదే పెత్తనమా?" అన్నారు.

ఆదివారం మేనల్లుడింటికి. వాళ్ళది సెంగ్‌కాంగ్. ఆ రైలుకు డ్రైవరే ఉండడు! ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగం మన మీదికి దూసుకొచ్చినట్టే ఉంటుంది. మావారు చిన్నపిల్లాడిలా అక్కణ్ణించి కదల్లేదు. రైల్లో తినకూడదు, తాగకూడదు, దురియన్ పండు అసలే తీసుకుపోకూడదు. దాని వాసన అట్లాంటిది మరి.

ఇంటికి పోతే మేనల్లుడు వంటింట్లో ఉన్నాడు. నడుముకు తువ్వాలు చుట్టుకొని బియ్యం కడుగుతున్నాడు! వాళ్ళావిడ కందిపప్పు పొయ్యి మీద పెట్టి, చెనిక్కాయల చట్నీకి మిక్సీ వేస్తోంది. నా కాళ్ళు వాటంతటవే వంటింటివైపు నడిచాయి. "అత్తా, మీరు కూర్చోండి" అని ఆ అమ్మాయి నన్ను సోఫాలో కూర్చోబెట్టింది. మావాడు బెండకాయలు తరుగుతూ, "అత్తా, నీ చేతి పితికిపప్పు తిని మూడేళ్ళయింది" అని నిట్టూర్చాడు. తినేవాళ్ళకు నిట్టూర్పులే! అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజా వేళ్ళతో పితికి పొట్టు తీసేసరికి నా బొటనవేలి గోరు ఊడొస్తుందని ఎవరికీ గుర్తుండదు.

"పనిమనిషి ఉందన్నావే?" అని అడిగాను. ఉంది. ఇండోనేషియా నుంచి వచ్చిన అమ్మాయి, ఇంట్లోనే ఉండి పాపను చూసుకుంటుంది. "ఆదివారం కదత్తా, సెలవు. తొమ్మిదింటికి పోయింది, రాత్రికి వస్తుంది" అన్నాడు.

సెలవంటే వీళ్ళు దయ తలచి ఇచ్చింది కాదు, చట్టం. ఆ ఊళ్ళో ఇట్లా ఇళ్ళలో ఉండి పనిచేసే పరదేశపు ఆడవాళ్ళు రెండున్నర లక్షలకు పైనే ఉన్నారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మయన్మార్ వాళ్ళు ఎక్కువ. మన దేశంనుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 2013 జనవరి నుంచి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అయితే ఒప్పుకుంటే సెలవుకు బదులు డబ్బు ఇచ్చి పని చేయించుకోవచ్చు. దాంతో చాలామందికి సెలవు కాగితం మీదే ఉండిపోయింది. అందుకని 2023 జనవరి నుంచి నెలకు ఒక్క రోజన్నా తప్పనిసరిగా బయటికి పంపాల్సిందే, డబ్బిచ్చి సరిపెట్టడం కుదరదు అన్నారు. పనిమనిషిని పెట్టుకునేవాళ్ళు ప్రభుత్వానికి నెలనెలా 300 డాలర్లు కట్టాలి. చిన్నపిల్లలో, ముసలివాళ్ళో ఉన్న ఇళ్ళకు 60. ఇది జీతం కాదు, జీతం కాక! అంతా బంగారంలా ఉందని నేననడం లేదు. యజమానులు కొట్టారనీ, తిండి సరిగా పెట్టలేదనీ కేసులు అక్కడి కోర్టుల్లోనూ నడిచాయి. అయినా 'సెలవు' అనే మాట కాగితం మీద ఉంటే, అడగడానికి ఒక నోరంటూ ఉంటుంది కదా!

సాయంత్రం ఆర్చర్డ్ రోడ్డుకు పోయాం. అద్దాల మేడలు, ఖరీదైన అంగళ్ళు. కానీ నా కళ్ళు వాటి మీద నిలవలేదు. లక్కీ ప్లాజా అనే భవనం చుట్టూ మెట్ల మీద, గట్ల మీద ఎక్కడ చూసినా ఆడవాళ్ళే. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. మంచి బట్టలు కట్టుకొని, లిప్‌స్టిక్ వేసుకొని, గుంపులుగా కూర్చొని కబుర్లు, నవ్వులు. ఇంటికి డబ్బు పంపే అంగళ్ళ ముందు బారులు. ఫోను ఎదురుగా పెట్టుకొని పిల్లలతో మాట్లాడేవాళ్ళు. ఒకామె ఫోనుకే ముద్దు పెట్టుకుంటోంది. అవతల చంటిబిడ్డ ఉన్నట్టుంది. ఇంకొకరి పాపకు స్నానం పోసి, అన్నం పెట్టి, వాళ్ళ పాపను మాత్రం వారానికోసారి అద్దంలో చూసుకోవడం!

అక్కణ్ణించి బస్సులో బొటానిక్ గార్డెన్స్. 1859లో వేసిన తోట, లోపలికి టికెట్ లేదు. ఆర్కిడ్ పూలతోటకు మాత్రం ఉంది. పచ్చిక మీద అక్కడ కూడా వాళ్ళే, చాపలు పరిచి, డబ్బాల్లో తెచ్చుకున్నవి పంచుకు తింటూ. మావారు ఆర్కిడ్లు చూసి వస్తానని పోయారు. నాకు కాళ్ళు నొప్పి పుట్టి ఒక బెంచీ మీద కూలబడ్డాను. పక్కన కూర్చున్న నలభై ఏళ్ళ ఫిలిప్పీన్స్ ఆవిడ చిప్స్ పొట్లం నావైపు చాపి పలకరించింది. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకటికొకటి సరిపోయాయి. "మీరు ఏ ఇంట్లో పనిచేస్తారు?" అని అడిగింది.

నన్ను కూడా పనామె అనుకుంది! ఒక్క క్షణం చురుక్కుమంది, దాచడమెందుకు. "మా ఇంట్లోనే" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. హౌస్‌వైఫ్‌నని చెప్పాను. "ఓ! మరి మీకు ఆఫ్ ఏ రోజు?" అంది. ఆఫ్ లేదన్నాను. "ఎన్నేళ్ళుగా?" ముప్ఫై అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, "ముప్ఫై ఏళ్ళు ఆఫ్ లేదా? ఏజెన్సీకి కంప్లైంట్ ఇవ్వలేదా?" అని ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకుంటుంటే మావారు తిరిగొచ్చి, "ఏమైంది?" అన్నారు. నా ఏజెన్సీ మీరేనని ఎట్లా చెప్పేది!

ఆ రాత్రి ముస్తఫా సెంటర్‌కు పోయాం. అర్ధరాత్రి దాటినా తెరిచే ఉండే అంగడి అది. గుండుసూది నుంచి బంగారం దాకా అన్నీ ఉన్నాయి. టైగర్ బామ్ సీసాలు డజను కొన్నాం. ఆదివారం సాయంత్రం కావడాన ఆ వీధులనిండా కట్టడాల పనికి వచ్చిన మనవాళ్ళు. తమిళం మధ్యలో "ఏమన్నా, ఎప్పుడొచ్చినావు?" అని మన చిత్తూరు తెలుగు వినిపిస్తే తిరిగి చూశాను. అంతా మగపిల్లలే. మన ఆడవాళ్ళు పోయేది ఇటు కాదు. రాయచోటి, మదనపల్లె వైపు పల్లెల్లో ఇంటికొకరన్నట్టు కువైట్‌కు పోతారు. అక్కడ కూడా 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. ఇంటిపనివాళ్ళతో రోజుకు 12 గంటలకు మించి చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి అని. పోయే ఆడవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి చెప్పి పంపుతున్నారో! ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వం నియమం. వయసు పెంచి రాయిస్తామనే దళారీని నమ్మవద్దు. పోయాక కష్టమొస్తే ఆ కాగితమే అడ్డు పడుతుంది.

ఇంటికొచ్చాం. మరుసటి పొద్దున మా పనామె వచ్చింది. పదకొండేళ్ళుగా వస్తోంది. టైగర్ బామ్ చేతిలో పెట్టి, ఆదివారం ఆడవాళ్ళ ముచ్చటంతా చెప్పాను. ఆమె అంట్లు తోముతూనే విని, "ఆ పొద్దు వాళ్ళిండ్లల్లో అంట్లెవురు తోముతారు మా?" అంది.

"మొగోళ్ళు" అన్నాను. గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది.

పదకొండేళ్ళలో నేను ఆమెకు పండక్కి చీర ఇచ్చాను, జబ్బు చేస్తే మందులిప్పించాను, పిల్ల పెళ్ళికి సాయం చేశాను. వారానికో సెలవు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వాలని తోచనే లేదు. మనకు లేనిది ఇంకొకరికి ఉండాలని తోచదేమో! "ఈ ఆదివారం నుంచి రావద్దులే" అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. ఏమీ అనకుండా పోయింది. ఆదివారం పొద్దున ఆరింటికి మామూలుగా వచ్చేసింది! అడిగితే, "మాన్పిస్తాండావేమో అనుకున్నా మా. లేకుంటే జీతంలో పట్టుకుంటావేమోనని" అంది. పైసా కూడా పట్టుకోనని రెండుసార్లు చెప్పి పంపాల్సి వచ్చింది.

ఆ రోజే అనంతపురంనుంచి ఎనిమిదిమంది దిగారు, చెప్పకుండా! సింకు నిండా అంట్లు. మావారు చొక్కా చేతులు మడుచుకొని వచ్చి నిలబడ్డారు. చుట్టాల్లో పెద్దావిడ "అయ్యో, నువ్వెందుకు నాయనా!" అని పరుగెత్తుకొచ్చింది. ఒక గాజుగ్లాసు పగిలింది. కాఫీ గిన్నె అడుగు సరిగా వదలకపోతే సాయంత్రం నేను మళ్ళీ తోముకున్నాను.

అప్పటినుంచి ఏడు ఆదివారాలైంది. అయిదు ఆమెకు సెలవు దొరికింది. రెండుసార్లు మాత్రం చుట్టాలెక్కువై నేనే కబురు పెట్టాను. ఆ రెండు రోజులకూ వేరే డబ్బు ఇచ్చాను. ఇక నా ఆదివారం సంగతి ఇంకా తేలలేదు. ఇది రాస్తున్నది శనివారం సాయంత్రం. మార్కెట్లోకి అనపకాయలు వచ్చాయి. గింజలు ఒలిచి పెట్టాను, రేపటికి నానబెట్టనా వద్దా అని మావారిని అడిగితే, పేపరు మడిచి, "నానబెట్టు. పొద్దున నేను పితుకుతాలే" అన్నారు.

రెండు శేర్ల గింజలు నానబెట్టాను. చూడాలి.